చల్లగానే ఉంది

బట్టీ ఇనపతలుపు తీసి, బాబాయ్ కుడిచెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. వెనకాల పిండి పిసికే మనిషి రొట్టె అచ్చుల ట్రే రెండు చేతుల్తో పట్టుకుని, మాట వచ్చేదాకా కదలకుండా నిలబడ్డాడు. బయట ఇంకా వెలుగు రాలేదు. బేకరీ వెనకగదిలో ఒకటే బల్బు, దాని చుట్టూ మైదా దుమ్ము, గోడవారన కట్టెల మోపు. పిండిమనిషి గొంతులో ఏదో గుర్రుమంది. తేలుకుట్టిన దొంగలా దగ్గు మింగేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ చప్పుడు మాత్రం బయటికి రానివ్వలేదు.

"పెట్టు," అన్నాడు బాబాయ్ చెయ్యి బయటికి తీసి.

"మామూలు దగ్గే బాబాయ్. గొంతులో మైదా పడింది."

"నేనేమైనా అన్నానా?"

అనలేదు. వచ్చిన చిక్కల్లా అదే. ఆ వీధిలో ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. ఊరిమీద అంటుజబ్బు పడి నెలలైంది. వీధి చివర బడిలో పరీక్ష చేస్తున్నారు. ఉచితం. నాలుగడుగుల దూరం. ముక్కులో పుల్ల పెట్టి తిప్పుతారు, చీమ కుట్టినంత బాధ. జబ్బు ఉందని తేలితే తలుపు వేసుకుని రెండు వారాలు ఒక గదిలో పడుకోవాలి, అంతకుమించి ఎవరూ ఏమీ చెయ్యరు. అయినా ఒక్కడు కదిలితేనా! ఆ పుల్ల మెదడు దాకా పోతుందట అని ఒకరు. ఉన్న ముక్కు ఊడిపోతే ఎవరిస్తారని ఇంకొకరు. పరీక్ష చేస్తేనే కదా జబ్బు బయటపడేది, చెయ్యకపోతే లేనట్టేగా అని ఒక పెద్దమనిషి. ఈ తర్కానికి ఎదురు చెప్పడం కంటే గోడకి చెప్పుకోవడం నయం.

బాబాయ్ అసలు పేరు యజమానికి కూడా చటుక్కున గుర్తురాదు. మీసాలు మొలవని వయసులో ఈ బట్టీ ముందు నిలబడ్డాడు. ఇప్పుడు జుట్టు నెరిసింది. పొట్టిమనిషి. కనుబొమల కొసలు ఎప్పుడూ మాడి ఉంటాయి. తలుపు తెరిచినప్పుడల్లా ముఖం ఒకే పక్కకి తిప్పుతాడు కాబట్టి కుడిచెంప ఎడమచెంప కంటే నలుపు. ఎవరితోనూ తగువు లేదు, ఎవరికీ అడ్డం రాడు. పెళ్ళిఫొటోల్లో చివరి వరసలో సగం ముఖం కనపడే మనిషి. అతని బతుకులో గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నది ఒకే ఒకటి, ఆ కుడిచెయ్యి.

ఎప్పుడో పెద్దయజమాని బతికున్న రోజుల్లో బట్టీ వేడి చూపించే మీటరు పాడైపోయింది. బాబాయ్ లోపలికి చెయ్యి పెట్టి "ఇంకో రెండు కట్టెలు కావాలి" అన్నాడు. ఆ పూట రొట్టె ఎన్నడూ లేనంత బాగా పొంగింది. ఇక పెద్దాయన కనపడినవాడినల్లా ఆపి చెప్పాడు, "మావాడి చెయ్యే థర్మామీటరు" అని. మీటరు మళ్ళీ కొనలేదు. జబ్బు వచ్చాక ఆ మాట బేకరీ గడప దాటి వీధిలో పడింది. బడిదాకా వెళ్ళి ముక్కు పొడిపించుకోవడం దేనికి, రొట్టె కొనుక్కునేటప్పుడు బాబాయ్ చేత నుదురు తడిమించుకుంటే పోలా?

పొద్దెక్కాక అదే జరిగింది. కౌంటరు అవతల వరసగా నిలబడ్డారు. మూతిగుడ్డలు గడ్డాల కింద వేలాడుతున్నాయి.

"రాత్రి నుంచి ఒకటే వొళ్ళునొప్పులు బాబాయ్. కాస్త చూడు," అంటూ సిటీబస్సు డ్రైవరు తల ముందుకు వంచాడు.

బాబాయ్ అరచెయ్యి అతని నుదుటిమీద పరిచాడు. కళ్ళు మూసుకున్నాడు. వరసలో అందరూ ఊపిరి బిగబట్టారు. బిగబట్టినంతసేపైనా ఒకరిమీద ఒకరు వదలకుండా ఉన్నారు, అదే పదివేలు.

"చల్లగానే ఉంది. పో."

"హమ్మయ్య!" డ్రైవరు బన్ను నోట్లో కుక్కుకుని పరుగెత్తాడు. బస్సు నిండా జనం అతనికోసం ఎదురుచూస్తున్నారు. తర్వాత పాలమనిషి నుదురు. ఆ తర్వాత పాలమనిషి అత్తగారి నుదురు. అదే చెయ్యి.

ఆ పొద్దున మొదటి బట్టీ రొట్టెలు అడుగున నల్లబడ్డాయి. మాడు వాసన వెనకగది నిండా కమ్మేసినా బాబాయ్ కదల్లేదు. పిండిమనిషి కేక పెట్టాక తలుపు తీశాడు. "పిండి బాగాలేదు," అన్నాడు. కాసేపాగి "కట్టెలు తడిసినట్టున్నాయి," అన్నాడు. ఇన్నేళ్ళుగా రొట్టె రంగు మారే క్షణాన్ని ముందు ముక్కుతో పట్టుకునే మనిషికి, ఆ ముక్కు తెల్లవారుజాము నుంచి పనిచెయ్యడం లేదు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసినదాన్ని తెలియనట్టు పక్కకి నెట్టడంలో ఆ వీధిలో ఎవరికీ అతను తీసిపోడు.

ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు భార్య గడపకి అడ్డంగా నిలబడి మరీ చెప్పింది. ఇంట్లో అక్క ఉంది. బాబాయ్ కంటే పన్నెండేళ్ళు పెద్దది. అమ్మ పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే, చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి ఈ బేకరీలో పనికి పెట్టిందీ ఆవిడే. మూడు మెట్లెక్కితే ఆయాసం. ఆవిడ ఊపిరితిత్తులకి ఈ జబ్బు తగిలితే ఇక తిరిగిచూసుకునేది ఉండదని డాక్టరు తెగేసి చెప్పాడు.

"ఇవాళ బడికెళ్ళి పరీక్ష చేయించుకునే రా. ఊరందరి నుదుళ్ళూ పిసికొచ్చి నేరుగా వదిన పక్కన కూచుంటావు. చేయించుకోకపోతే వదిన గదిలో అడుగుపెట్టనివ్వను, చెప్తున్నా," అంది భార్య.

"సరేలేవే."

"ఆ సరేలు వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?"

పొద్దు బాగా ఎక్కాక నర్సు వచ్చింది. బడిలో పరీక్షలు చేసే పిల్ల ఆవిడే. ఎవరూ రాకపోతే మధ్యలో లేచి, పెట్టె భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. తలుపు కొడితే లోపల టీవీ నోరు మూస్తారు. కిటికీలోంచి చిన్నపిల్లచేత "ఇంట్లో ఎవరూ లేరు" అనిపిస్తారు. ఆ వీధంతా తిరిగి, చెమటతో తడిసి ముద్దయి, బేకరీ ముందుకొచ్చి ఆ నుదుళ్ళ వరస చూసింది. 

"ఏం చేస్తున్నారు బాబాయ్ గారూ?"

"జ్వరం చూస్తున్నాడు," అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

నర్సు ఏమనుకుందో, కౌంటరు మీదున్న రెండు స్టీలు గ్లాసులు తీసుకుంది. ఒకదాంట్లో అప్పుడే వచ్చిన పొగలుకక్కే టీ, రెండోదాంట్లో కుళాయినీళ్ళు. "కళ్ళు మూసుకోండి. ఏది వేడిదో చెప్పండి," అంటూ చెరో అరచేతిలో పెట్టింది.

బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు రెండు గ్లాసుల చుట్టూ బిగిశాయి. "ఎడమచేతిది," అన్నాడు చివరికి. అది నీళ్ళ గ్లాసు.

నర్సు వరస వైపు తిరిగింది. "చూశారుగా? ఇప్పటికైనా..."

"చూశాం చూశాం!" పాలమనిషి చప్పట్లు కొట్టాడు. "మనమైతే కెవ్వుమని గ్లాసు వదిలేద్దుం. బాబాయ్ చలించాడా? అదీ చెయ్యంటే!"

"ఆటపట్టిస్తున్నాడమ్మా నిన్ను," అంది పాలమనిషి అత్తగారు మురిపెంగా.

నర్సు గ్లవుజు చేత్తోనే తల కొట్టుకుంది. కొట్టుకున్నాక దాన్ని పీకి పారేసి ఇంకోటి తొడుక్కోవాల్సి వచ్చింది. "మొద్దుబారిపోయింది ఆ చెయ్యి! దానికి ఏమీ తెలియదు. బాబాయ్ గారూ, మీరు జ్వరం కనిపెట్టడం లేదు, పంచిపెడుతున్నారు, రొట్టెలు పంచినట్టు. మీరైనా రండి. పెద్దవాళ్ళు మీరొస్తే వీళ్ళందరూ వస్తారు."

లోపల్నించి యజమాని వచ్చాడు. "ఆయనకి ఏదన్నా ఉందని తేలిందనుకో, షాపు మూసుకుని నేను ఈగలు తోలుకోవాలి. బాబాయ్ బానే ఉన్నాడు. చూడు, రాయిలా ఉన్నాడు."

"రేపొస్తానమ్మా," అన్నాడు బాబాయ్ గ్లాసులు కిందపెట్టి. ఆ వీధిలో రేపు అనే రోజొకటుంది. అది ఎన్నటికీ రాదు.

నర్సు చెప్పింది అతనికి కొత్త కాదు. ఆ అరచేతికి వేడి తెలియడం మానేసి ఎన్నేళ్ళయిందో అతనికే గుర్తులేదు. బట్టీ వేడి చెప్పేది అరచెయ్యి కాదు, మోచేతి లోపలివైపు సన్నని చర్మం. అక్కడి వెంట్రుకలు ముడుచుకుంటే చాలు, రొట్టె పెట్టవచ్చు. అరచెయ్యి ఊరికే తోడుపోయేది. కానీ పేరు దానికొచ్చింది. వద్దనడానికి మొదట్లో మొహమాటం, తర్వాత్తర్వాత ఆశ. ఏ పెద్దమనిషీ తనకోసం లేచి నిలబడని బతుకులో, నుదురు వంచి ఎదురుగా నిలబడే జనం దొరికారు. నాకేమీ తెలియదర్రా అని ఏ నోటితో చెబుతాడు?

పని దిగాక వెళ్ళకా పోలేదు. చేతిలో రొట్టె పొట్లంతో బడి గేటుదాకా నడిచాడు. లోపల వరండాలో బల్ల ముందు నర్సు ఒంటరిగా కూచుని ఉంది. వరస లేదు, నరమానవుడు లేడు. ఒక్క అడుగు లోపలికి వేస్తే అయిపోయేది. ఇంతలో రోడ్డవతల బస్సు ఆగింది.

"బాబాయ్! నువ్వేంటి ఇక్కడ?" కిటికీలోంచి పొద్దుటి డ్రైవరు. ముఖం ఎర్రగా కంది ఉంది. "నీకే అనుమానమొస్తే ఇక మా గతేంటి?"

బస్సులో జనం అందరూ అటే చూశారు. బాబాయ్ చెవులు వేడెక్కాయి. "అబ్బే, రొట్టె ఇద్దామని. పొద్దుట్నించీ తిన్లేదట పాపం," అని పొట్లం గేటు ఊచకి తగిలించి వెనక్కి తిరిగాడు. బస్సు వెళ్ళిపోయింది. దానితోపాటే అతనూ వెళ్ళిపోయాడు. ఇంత పిరికితనానికి ఇంత మర్యాద తొడుగు!

ఇంట్లో భార్య కుట్టుమిషను తొక్కుతోంది. షాపువాళ్ళకి దిండు గలేబులు కుడుతుంది. దారం కొరికి, తల ఎత్తకుండానే అడిగింది. "వెళ్ళావా?"

"వెళ్ళాను."

"ఏమన్నారు?"

"రేపు చెప్తారట."

ఎన్నడూ అబద్ధమాడని మనిషి కాబట్టి భార్య నమ్మింది. మూతిగుడ్డ సరిగ్గా కట్టుకుని వెళ్ళు, ఎక్కువసేపు కూచోకు అని మాత్రం అంది. అతను చెప్పులు విప్పి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, నడవ దాటి వెనకగది తలుపు తోశాడు. చిన్నగది. ఒక మంచం, ఒక కుర్చీ, మందుసీసాల గూడు, దొడ్డివైపు కిటికీ. అక్క రెండు దిళ్ళకి ఆనుకుని కూచుని ఉంది. బక్కచిక్కిన మెడ. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతుకింద గుంట లోతుగా దిగుతోంది.

"వచ్చావురా? ఆ నర్సుపిల్ల ఇవాళ కూడా మీ ఆవిడ ఇంట్లో లేని వేళే వచ్చి తలుపు కొట్టింది. నిద్ర నటించాను," అంది అక్క. నవ్వబోతే ఆయాసం అడ్డమొచ్చింది.

"ఎందుకక్కా?"

"ఎందుకేంట్రా? వెనకవీధి ముసలావిడని అలాగే పరీక్షన్నారు, తీసుకెళ్ళారు. గుమ్మందాకా కూడా ఎవర్నీ రానివ్వలేదట. చివరికి ముఖం కూడా చూపించలేదు. నాకొద్దు బాబూ. పోతే నీ ఎదురుగా పోతాను. అయినా నాకేమైందని! నీ చెయ్యుండగా నాకు పరీక్షెందుకు? పెట్టు, పెట్టి చెప్పు."

రోజూ పెట్టేవాడే. అక్క ముఖం చూసి, కళ్ళు చూసి, చల్లగానే ఉందని చెప్పేసి, ఆవిడ మురిసిపోతే తనూ మురిసేవాడు. ఇవాళ చెయ్యి సగం దూరం వెళ్ళి ఆగింది. ఎడమచేతిది అని తను చెప్పిన నీళ్ళ గ్లాసు కళ్ళముందు కదిలింది. వీధిలోవాళ్ళు ఎలా పోతే అలా పోయారు, ఇది అక్క. అతను చొక్కాచెయ్యి పైకి మడిచి, వంగి, మోచేతి లోపలివైపు ఆవిడ నుదుటికి ఆనించాడు. బట్టీ దగ్గర ఎన్నడూ తప్పని చోటు అది.

నిజంగానే చల్లగా ఉంది. రాయిమీద చెయ్యి పెట్టినట్టుంది. అతని గుండెలోంచి పెద్ద బరువేదో దిగిపోయింది.

"ఇదేం పద్ధతిరా, మోచెయ్యి పెడతావ్?"

"చల్లగానే ఉందక్కా. ఒట్టు. ఇవాళ నిజంగా చూసి చెప్తున్నా."

"మరి రోజూ?" అంది అక్క. అతను దుప్పటి ఆవిడ భుజాల దాకా లాగాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది.

ఆ సంతోషంలో నడవలోకి వచ్చి కుట్టుమిషను పక్కన చతికిలబడ్డాడు. సంతోషం మనిషిచేత నిజాలు చెప్పిస్తుంది కాబోలు.

"ఒకటి చెప్తాను, కోప్పడకు. నా అరచేతికి ఏమీ తెలియదే. వేడీ తెలియదు, చల్లనా తెలియదు."

మిషను ఆగింది. "ఎప్పట్నించి?"

"మన పెళ్ళికి ముందునుంచే."

"మరి మన పిల్లకి చిన్నప్పుడు జ్వరాలొచ్చినప్పుడు? నాకు కాన్పయ్యాక చలిజ్వరమొస్తే, నా నుదుటిమీద చెయ్యేసి, ఏం లేదే పడుకో అన్నావు?"

"ముఖం చూసి చెప్పేవాణ్ణి."

భార్య తిట్టడానికి నోరు తెరిచి ఎక్కడ మొదలుపెట్టాలో తోచక మూసుకుంది. "బడికీ వెళ్ళలేదు కదూ?" అంది చివరికి.

"గేటుదాకా వెళ్ళాను."

"గేటుకి చేశారా పరీక్ష!" ఆవిడ చేతిలోని దిండు గలేబు అతని ముఖాన కొట్టింది. "ముక్కులో పుల్ల పెట్టించుకోవడానికి ఇంత రామాయణమా? పెళ్ళాన్ని, అక్కని, ఊరిని, అందర్నీ..." ఇంకా అనేదే. వెనకగదిలోంచి వచ్చిన చప్పుడుకి ఇద్దరూ లేచారు. దగ్గు కాదు. చిల్లుపడిన తిత్తి లాగినట్టు గాలి లోపలికి ఈడుస్తున్న చప్పుడు.

భార్య కాళ్ళకి చెప్పుల్లేకుండా బడికి పరుగెత్తి నర్సుని వెంటబెట్టుకొచ్చింది. నర్సు అక్క వేలికి చిన్న క్లిప్పు తగిలించి, అందులో అంకె చూసి, వెంటనే ఫోను తీసింది.

"జ్వరం లేదమ్మా, ఇందాకే చూశాను. అరచెయ్యి కాదు, మోచెయ్యి పెట్టి చూశాను," అన్నాడు బాబాయ్.

"పెదాలు చూడండి బాబాయ్ గారూ. నీలంగా లేవూ?" అంది నర్సు. ఆవిడ గొంతులో కోపం కూడా అయిపోయింది. "ఇలా అవడానికి రోజులు పట్టుంటుంది. నేను తలుపు కొట్టిన మొదటిరోజే తీసి ఉంటే..."

అంబులెన్సు వచ్చింది. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. నర్సు కొడితే ఒక్కటీ తెరుచుకోని తలుపులు! అక్క వెళ్ళేటప్పుడు తమ్ముడి చొక్కా కొస పట్టుకుంది. ముసుగులేసుకున్న మనుషులు ఆ వేళ్ళు ఒక్కొక్కటే మెల్లగా విడదీశారు. వాళ్ళు వెళ్ళాక నర్సు గడప దగ్గరే నిలబెట్టి ఇద్దరి ముక్కుల్లోనూ పుల్ల తిప్పింది. చీమ కుట్టినంతే. భార్యకి లేదు, అతనికి ఉంది. ఆ ఇంట్లో విడిగా ఉన్న గది అదొక్కటే కాబట్టి, నర్సు దుప్పట్లు మార్పించి, అక్క గదిలో అతన్ని పెట్టి తలుపు వేయించింది.

మర్నాడు బేకరీ తెరవలేదు. బడిముందు వరస వీధి మలుపుదాకా వచ్చిందని భార్య తలుపు అవతల నిలబడి చెప్పింది. డ్రైవరు ఉన్నాడట, పాలమనిషి ఉన్నాడట, పిండిమనిషి గట్టిగా, ఎవరికీ భయపడకుండా దగ్గుతున్నాడట. "ఇప్పుడు పరుగెత్తుతున్నారు," అంది. అప్పటికే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. అక్క తెల్లవారుతుండగా పోయింది. పక్కన ఎవరూ లేరు. ఆ మాట చెప్పడానికే ఆవిడ తలుపు దగ్గరికి వచ్చి, ముందు వీధి కబుర్లు చెప్పింది.

బాబాయ్ మంచంమీద కూచునే విన్నాడు. "నాకెందుకు చల్లగా తగిలిందే?" అన్నాడు. "అరచేతికి తెలియదు, సరే. మోచెయ్యి ఎన్నడూ తప్పు చెప్పలేదు. అదెందుకు చెప్పలేదు?"

అవతల నుంచి ఏడుపే వినపడింది. అతను నీళ్ళు తాగుదామని లేచాడు. కాలు దేనికో తగిలి, మంచం కింద లోహం గచ్చుమీద గీరిన చప్పుడైంది. మోకాళ్ళమీద వంగి చూశాడు. చూసిన వెంటనే అంతా అర్థమైంది. నడవలో తన అడుగుల చప్పుడు వినపడగానే అక్క నుదురు తుడుచుకుని, దాన్ని కిందికి నెట్టేసి, ఏమీ ఎరగనట్టు దిళ్ళకి ఆనుకుని కూచునేది. రోజూ అదే పని. ఏమీ తెలియని చేతిని మోసం చెయ్యడానికి అంత అవస్థ పడింది. తెలిసిన చెయ్యి పెట్టిన ఒక్కరోజూ దాన్నీ మోసం చేసింది. పట్టరాని కోపం వచ్చింది అతనికి, అక్కమీద, తనమీద, ఇద్దరికీ కలిపి ఒకే కోపం. "ఎంత పని చేశావక్కా!" అని గచ్చుమీద నుదురు ఆనించి భోరుమన్నాడు.

తలుపు అవతల భార్య ఏమైందయ్యా, ఏమైందని అడుగుతూనే ఉంది. మంచం కింద సగం నీళ్ళున్న చిన్న గిన్నె, దాని అంచున నాలుగు మడతలు వేసిన పాత చీరముక్క, ఇంకా పూర్తిగా ఆరలేదు.